మూడొందల గీత

నేను కరెంటు మీటరును. పెనుగొలనులో ఒక పెంకుటింటి అరుగు మీద, వీధి తలుపు పక్కన, మనిషి కంటి ఎత్తున నన్ను బిగించారు. నాకు ముందు అక్కడ చక్రం తిరిగే పాత మీటరు ఉండేది. నాలో తిరిగేదేమీ లేదు, ఒక ఎర్రదీపం మినుకుమంటుంది. 3200 సార్లు మినుకుమంటే ఒక యూనిట్టు. వెయ్యి వాట్ల సామాను గంటసేపు నడిస్తే అంతవుతుంది. అరుగు మీద ఉంటాను కాబట్టి ఆ ఇంట్లో మాటలన్నీ వింటాను, వచ్చేపోయేవాళ్లందరినీ చూస్తాను. నా అంకెల్లోకి మాత్రం అవేవీ ఎక్కవు. కరెంటు పెద్దకొడుకు గదిలో ఖర్చయిందా, చిన్నకొడుకు గదిలో ఖర్చయిందా అన్నది కూడా ఎక్కదు.

నా అంకెల్ని బట్టి జనాన్ని విడదీయడం నేను వచ్చేనాటికే ఉంది. ఆంధ్రప్రదేశ్ 2016-17 టారిఫ్‌లో ఇళ్లను మూడు గ్రూపులు చేశారు. అంతకుముందు ఏడాది మొత్తం వాడకం తక్కువైతే ఎ గ్రూపు, అంతకంటే ఎక్కువైతే బి, ఇంకా ఎక్కువైతే సి. అంటే నిరుడు వాడినదాన్ని బట్టి ఈ ఏటి ధర. 2020 ఏప్రిల్‌లో ఆ పద్ధతి పోయి, ఏ నెల గ్రూపు ఆ నెల వాడకాన్ని బట్టే తేలడం మొదలైంది. 2022లో గ్రూపులు ఎత్తేసి అందరికీ ఒకే ఆరు శ్లాబులు పెట్టారు. మొదటి 30 యూనిట్లకు యూనిట్టు రూపాయి 90 పైసలు, 400 దాటాక 9 రూపాయల 75 పైసలు.

ఈ శ్లాబుల పద్ధతి నాకు నచ్చింది. గీత దాటితే, దాటిన యూనిట్లకే ధర పెరుగుతుంది. కింది శ్లాబుల్లో వాడుకున్న యూనిట్లకు పాత ధరే ఉంటుంది. ఒక్క యూనిట్టు ఎక్కువైనందుకు ఇల్లు మొత్తం మరో గుంపులోకి పడిపోదు.

300 గీత అలాంటిది కాదు.

అది ప్రభుత్వ పథకాల అర్హతకు పెట్టిన గీత, 2019లో వచ్చింది. ఆగస్టు 15న వాలంటీర్ల వ్యవస్థ, అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. 50 ఇళ్లకు ఒక వాలంటీరు ఉండేవాడు. నవంబరులో ఇంటింటి సర్వే జరిగింది. బియ్యం కార్డు దగ్గర్నుంచి ఒక్కో పథకానికి ఎవరు అర్హులో తేల్చడానికి షరతులు పెట్టారు. పల్లెలో ఇంటి ఆదాయం నెలకు 10,000 రూపాయలు దాటకూడదు. దానితోపాటు జనం ఆరంచెల పరిశీలన అనే లెక్క ఒకటుంది. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు, రెండూ కలిసినా పదెకరాల లోపే ఉండాలి. ప్రభుత్వోద్యోగం ఉండకూడదు, పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు, టాక్సీ, ట్రాక్టరు, ఆటో ఉంటే ఫరవాలేదు. పట్నంలో పెద్ద ఇల్లు ఉండకూడదు. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్ల లోపుండాలి. ఈ ఆరింటిలో ఏ ఒక్కటి తప్పినా బయటికే. ప్రభుత్వం మారాక 2025లో వచ్చిన తల్లికి వందనం పథకానికి కూడా 300 యూనిట్ల షరతు అలాగే ఉంది. గీత పెట్టడం తప్పని నేననను. ఉన్నది కొంతైనప్పుడు లేనివాళ్లకు ముందు చేరాలంటే ఎక్కడో ఒకచోట గీయాల్సిందే. ఆ గీతకు ఆనవాలుగా తీసుకున్న వాటిలో నేనూ ఒకదాన్ని కాబట్టే నాకింత పట్టింపు.

మా ఇంటి సంగతి చెబుతాను. పెద్దావిడ, ఆమె ఇద్దరు కొడుకులు, వాళ్ల కుటుంబాలు. మెట్ట రెండెకరాలు సొంతం, మిరప తోట కౌలుకు. చిన్నవాడు తిరువూరుకు ఆటో తోలతాడు. నడవా మధ్యలో గోడ కట్టుకుని వంటలు ఎప్పుడో వేరుపడ్డారు. మీటరు మాత్రం ఒక్కటే, చనిపోయిన పెద్దాయన పేరుమీదున్న నేను. 300 యూనిట్లంటే రోజుకు పది. రెండు ఫ్రిజ్‌లకు రెండున్నర, నాలుగు ఫ్యాన్లు పన్నెండేసి గంటలు తిరిగితే మూడున్నర, రెండు కూలర్లకు దాదాపు మూడు. మోటారు, టీవీలు, దీపాలు కలిస్తే పది దాటుతుంది. మే నెలలో పెంకుల కింద కూలర్ ఆపమని ఎవరినీ అడగలేం. కాయ కోతకు వెళ్లొచ్చిన మనిషికి రాత్రి నిద్ర పట్టాలి కదా.

2021లో వానలు వెనకబట్టే వేళ సచివాలయం గోడకు రెండు జాబితాలు అంటించారు, అర్హులది ఒకటి, అనర్హులది ఒకటి. కారణం రాసి అంటించడం మంచి పని, అది లేకపోతే ఎందుకు పోయిందో ఎవరికీ తెలిసేది కాదు. వాలంటీరు కుర్రాడు వచ్చి అరుగు కింద నిలబడ్డాడు.

"మామ్మగారూ, మీ ఇల్లు అనర్హుల్లో ఉంది. కరెంటు 312 యూనిట్లు చూపిస్తోంది."

"ఎవరి కరెంటు బాబూ? నేను తిప్పుకునేది ఒక్క ఫ్యాను."

"మీటరు ఒక్కటే కదండీ."

ఆ 312 నిజమే, నేను తప్పు లెక్క చూపలేదు. మార్చి నుంచి ఆగస్టు దాకా సగటు తీస్తే అంతే వస్తుంది. మిగతా ఆరు నెలలకు తీస్తే 178. పన్నెండు నెలలకూ కలిపి తీస్తే 245. అదే ఇల్లు, అవే ఫ్యాన్లు. ఆరు నెలలు చూస్తే గీతకు అవతల, ఏడాది చూస్తే ఇవతల. ఎన్ని నెలల సగటు చూడాలన్నది చిన్న వివరంలా కనిపిస్తుంది గానీ, మా ఇంట్లో రెండు కుటుంబాల బియ్యం దానిమీదే నిలబడింది.

దీన్ని విడమరిచి చెప్పింది పక్కింటి అమ్మాయి. హైదరాబాదులో ఉద్యోగం, లాక్‌డౌన్‌తో 2020లో ఊరొచ్చింది. వాళ్లింట్లో సిగ్నల్ అందక, ల్యాప్‌టాప్ తెచ్చుకుని మా అరుగు మీదే కూర్చునేది. పని ఒక బట్టల దుకాణం వెబ్‌సైట్‌కి వచ్చేవాళ్లను సెగ్మెంట్లుగా విడదీసే రూల్స్ రాయడం. రోజంతా ఫోనులో చెబుతుంటే వినేదాన్ని. గత 30 రోజుల్లో మూడుసార్లకు తగ్గకుండా వచ్చి ఉండాలి, బుట్టలో చీర వేసి ఉండాలి, కొని ఉండకూడదు. అలాంటివాళ్లకు తగ్గింపు చూపించాలి. షరతుల మధ్య 'మరియు' పెడితే గుంపు చిక్కిపోతుంది, 'లేదా' పెడితే ఉబ్బిపోతుంది. ఒకే మనిషి రెండు గుంపులకూ సరిపోతే ఏది ముందో కూడా రాయాలి. కొత్త రూల్‌ని ముందు పాత లెక్కల మీద నడిపి, ఎంతమంది పడుతున్నారో చూసి, అంచున ఉన్న పదిమందిని ఒక్కొక్కరినీ విప్పి చూస్తేగానీ ఆమె దాన్ని అమలులో పెట్టేది కాదు.

పెద్దకొడుకు జాబితా ఫొటో చూపిస్తే ఆ అమ్మాయి చాలాసేపు దానివంకే చూసింది.

"బాబాయ్, మాకూ ఇదే తంటా. మేం లెక్కపెట్టేది మనిషిని కాదు, ఫోనులో బ్రౌజర్ దాచుకున్న కుకీని. ఒకే ఫోను నలుగురు వాడితే మాకు ఒక్కరే కనబడతారు. ఒక్కరే రెండు ఫోన్లలో వస్తే ఇద్దరనుకుంటాం. మీ ఇంట్లో రెండు కుటుంబాలకు ఒక్క మీటరు. అక్కడ కంప్యూటర్‌కి ఒక్క కుటుంబమే కనబడుతోంది."

"మరి మీరేం చేస్తారమ్మాయ్?"

"మాకు తప్పినా పెద్ద నష్టం లేదు. చీరకొచ్చే తగ్గింపు చూపించాల్సినవాళ్లకు చెప్పుల ప్రకటన చూపిస్తాం, అంతే. ఇక్కడ అలా కాదు. అంచున ఉన్నవాళ్లను మనిషి వెళ్లి చూడాలి."

ఈ మాటకే నేను కట్టుబడి ఉన్నాను. నా అంకె కరెంటును కొలుస్తుంది. పేదరికాన్ని కొలవడానికి దాన్ని వాడుకున్నప్పుడు, ఆ అంకె వెనక ఎన్ని పొయ్యిలున్నాయో ఎవరో ఒకరు వచ్చి చూడాలి. నెలనెలా రీడింగు తీసే మనిషి నా ముందు నిలబడతాడు, లోపల రెండు వంటిళ్లున్నాయని అతనికి తెలుసు. కానీ అతని చేతిలోని యంత్రంలో దాన్ని రాసే గడి లేదు.

భూమి షరతులోనూ ఇదే చిక్కు. మా పెద్దకొడుకు చేసే మిరప తోట కాగితాల్లో అతనిది కాదు. రేటు పడిపోయిన ఏడు నష్టం అతనిదే, అయినా ఏ లెక్కా అతన్ని ఆ చేనుతో కలిపి చూడదు.

పక్క వీధిలో ఇంకో ముసలావిడ ఉంది. ఆమె ఇంటి మీటరు నెలకు 60 యూనిట్లు దాటదు. అయినా జాబితాలో 300 పైనే అని వచ్చింది. ఆమె ఆధార్‌కు ఎప్పుడో, ఎక్కడో, ఎవరిదో వేరే సర్వీసు నంబరు కూడా ముడిపడి ఉంది. ఆమె వాలంటీరును చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తన మీటరు చూపించింది. ఆ అంకెలు ఆమె తరఫునే ఉన్నాయి గానీ, రూల్ చూసేది ఆ గోడను కాదు, ఎక్కడో కలిపిన రెండు పట్టికలను. ఆ సర్వీసు తనది కాదని కాగితం తెచ్చి, ఆ ముడి విప్పించేసరికి నెలలు పట్టింది. ఆ నెలలన్నీ ఆవిడ చేబదులుతో గడిపింది. మా ఇంట్లో లెక్క సరైనదే, అర్థం తప్పింది. అక్కడ లెక్కే వేరొకరిది. చూసేవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి: 'అనర్హులు, విద్యుత్ వినియోగం'.

ఆ అమ్మాయి తన పనిలో ఒక మార్పు చేసుకుంది. ప్రతి సెగ్మెంటు పక్కన, అందులో ఈ మనిషి ఏ షరతు వల్ల పడ్డాడో, ఏ తేదీ లెక్కతో పడ్డాడో ఒక వరుస రాయించడం మొదలుపెట్టింది. పైవాళ్లు అక్కర్లేదన్నా పట్టుబట్టింది. ఫోనులో ఆమె గొంతు పెంచగా విన్నది ఆ ఒక్కసారే.

మా ఇంట్లో చిన్నకొడుకు తన భాగానికి వేరే సర్వీసు కోసం అర్జీ పెట్టుకున్నాడు. గోడ అవతల తలుపు వేరుగా ఉందని చూసి వెళ్లారు. డిపాజిట్ కట్టాక ఇంకో మీటరు వచ్చింది. అది అతని వైపు గోడకే ఉంది, నాకు కనపడదు. నా మీద ఇప్పుడు ఎండాకాలంలోనూ 170 దాటడం లేదు. మరుసటి విడత జాబితాలో పెద్దావిడ, పెద్దకొడుకు అర్హుల్లోకి వచ్చారు. చిన్నవాడికి మీటరు విడిపోయిందే గానీ, సర్వేలో కుటుంబం ఇంకా విడిపోలేదు. అందులో అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంటి కింద ఉన్నారు, ఆ విడదీతకు వేరే అర్జీ ఉంటుందట.

పెద్దావిడ నిన్న రాత్రి అతనితో అంటోంది: "రేపు ఆటో తీయకముందే సచివాలయానికి వెళ్లు. రెండు బిల్లులూ పట్టుకెళ్లు. నీ పేరుతో వచ్చిందొకటి, మీ నాన్న పేరుతో వచ్చిందొకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూపించు."