నోరులేని పేషెంటు

కుక్క వయసును ఏడుతో హెచ్చవేస్తే మనిషి వయసు వస్తుందని చిన్నప్పటినుంచీ వింటున్నాం. ఆ లెక్కన మా జిమ్మీకి 84. అయితే 2020లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 104 లాబ్రడార్ల డీఎన్‌ఏ పరీక్షించి, ఏడో ఎక్కం ఇక్కడ పనికిరాదని తేల్చారు. కుక్క వయసుకు సహజ లాగరిథం కట్టి, దాన్ని 16తో హెచ్చవేసి, 31 కలపాలట. మా లాబ్రడార్‌కి 12 ఏళ్లు. కాలిక్యులేటర్ నొక్కితే 71 తేలింది. మా నాన్నగారి వయసూ అంతే.

"అయితే వీడు నా ఈడువాడన్నమాట" అని నాన్నగారు సంబరపడ్డారు. ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు.

ఇద్దరికీ ఒకే రకం ఇబ్బందులు: మోకాళ్ల నొప్పులు, మసక చూపు, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, వద్దన్న తిండి మీదే మోజు. తేడా అల్లా ఒకటే. నాన్నగారు తన ఒంట్లో ఏది ఎక్కడ లాగుతోందో, ఎక్కడ పొడుస్తోందో పొద్దున కాఫీ వేళ వివరంగా చెప్తారు. ఎవరూ వినరు. జిమ్మీ ఏమీ చెప్పదు. అందుకని ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరి పరిశీలిస్తాం.

కీళ్లు నొస్తున్నాయని కుక్క మూలగదు. సోఫా ఎక్కడం మానేస్తుంది. లేచేటప్పుడు ముందుకాళ్ల మీద బరువు మోపి, కాసేపు ఆలోచించుకుని, అప్పుడు వెనకభాగాన్ని పైకి లాక్కుంటుంది. మా హాల్లో గ్రానైటు ముఖం కనబడేట్టు మెరుస్తుంది. దాని మీద జిమ్మీ నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు జారుతుంటే చూడలేక, నాన్నగారి మంచం మీది జంపఖానా తెచ్చి పరిచాం.

"ఒరేయ్, బాత్రూంలో పట్టుకోడానికి ఒక కడ్డీ పెట్టించమని ఎన్నాళ్లనుంచి మొత్తుకుంటున్నానురా?" అన్నారాయన. ఆయన చెప్పారు కనక మేం విని ఊరుకున్నాం.

నిద్రపోతున్న కుక్క నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో చూసుకుంటూ ఉండాలన్నారు పశువుల డాక్టరుగారు. పక్కటెముకలు ఒకసారి పైకి లేచి దిగితే ఒకటి. రోజూ 30 దాటుతుంటే గుండెనో ఊపిరితిత్తులనో చూపించుకోవాలి. రాత్రి నేను గడియారం పట్టుకుని జిమ్మీ పక్కన కూర్చుని లెక్కపెడుతుంటే, మంచం మీద నాన్నగారు గురక పెంచారు. నేను తలెత్తలేదు. గురక ఇంకాస్త పెంచారు. నా లెక్క తప్పింది.

నీళ్లకూ లెక్కుంది. రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు మించి తాగుతుంటే షుగరో, కిడ్నీల జబ్బో ఉందేమోనని అనుమానించాలి. జిమ్మీ 30 కిలోలు. అంటే మూడు లీటర్లు గీత. దాని గిన్నెలో నీళ్లు కొలిచి పోస్తాం, సాయంత్రం మిగిలినవి కొలిచి రాస్తాం. "నేనూ షుగరు పేషెంటునేరా" అని నాన్నగారు గుర్తుచేశారు. ఆయన చెంబు మాత్రం ఎవరూ కొలవలేదు.

మాత్ర మింగించడం ఒక విద్య. ఇడ్లీ ముక్కలో పెట్టి ఇస్తే జిమ్మీ ఇడ్లీ అంతా తిని, మాత్రను కడిగినట్టు శుభ్రంగా జంపఖానా మీద పెట్టింది. చివరికి మా ఆవిడ కిటుకు కనిపెట్టింది. మొదటి ముక్క ఉత్తది, రెండోదాన్లో మాత్ర, మూడోది కళ్లెదుట ఊరిస్తూ ఉండాలి. మూడోదాని ఆత్రంలో రెండోది నమలకుండా మింగేస్తుంది.

ఒకనాడు జిమ్మీ డీలాగా పడుకుంటే జ్వరం చూడాల్సి వచ్చింది. కుక్కకు థర్మామీటరు పెట్టేది నోట్లో కాదు, తోక కింద. మా ఆవిడ తల పట్టుకుంది, నేను తోక ఎత్తాను. అది వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపుకు నేనే తల దించుకున్నాను. ఈ ఒక్క పరీక్షకు మాత్రం నాన్నగారు అసూయపడలేదు.

102 ఉంది. "అమ్మో, కాలిపోతోంది!" అని ఆయన తన మోకాళ్ల నొప్పి మాత్రలు పట్టుకొచ్చారు. కుక్కకు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా మామూలే. పైగా మనం వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కల కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. "నాకు బాగానే పనిచేశాయే!" అని డబ్బా మూసుకుని వెళ్లిపోయారు.

బరువు తగ్గితే కీళ్లకు సగం వైద్యం అయినట్టే. అందుకని జిమ్మీ అన్నం తగ్గించాం. నెల తిరిగి తూస్తే పెరిగింది! దొంగ బాల్కనీలో దొరికాడు. నాన్నగారు, జిమ్మీ, మధ్యలో ఉల్లిపాయ పకోడీల పొట్లం. ఒకరికి షుగరు, ఒకరికి పథ్యం. ఇద్దరి మూతులకూ నూనె. ఉల్లి పచ్చిదైనా వేయించిందైనా కుక్క రక్తంలో ఎర్రకణాలను పాడుచేస్తుందనీ, పరమాన్నంలోని కిస్‌మిస్ కిడ్నీలకే ఎసరు పెడుతుందనీ మా ఆవిడ క్లాసు పీకింది.

"ఉల్లిపాయ లేనివే పెట్టానమ్మా, అన్నీ ఏరి నేనే తిన్నాను" అన్నారు నాన్నగారు. ఆ నేరానికి ఆయనకు వేరే శిక్ష పడింది: మర్నాడే షుగరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం.

"ఎలా ఉందండీ ఒంట్లో?" అన్నాడు డాక్టరు. నాన్నగారు మాట్లాడలేదు. "ఎక్కడైనా నొప్పా?" ఊహూఁ, పెదవి విప్పలేదు. డాక్టరు కంగారుపడి నాలుక చూశాడు, కళ్లు చూశాడు, గుండె విన్నాడు, పొట్ట నొక్కాడు, పాదాలు తడిమాడు, మోకాళ్లు మడిచి చాపాడు. ఇన్నేళ్లలో అంత పరీక్ష ఆయనకు ఎన్నడూ జరగలేదు.

బయటికి రాగానే నాన్నగారు నోరు విప్పారు.

"ఇకమీదట నాకెక్కడ నొస్తోందో చెప్పనురా. మీరే కనిపెట్టుకోండి."