కర్వ్స్ బావగారు

పెళ్ళి కార్డులూ ఫ్లెక్సీలూ చేసే ప్రతి డీటీపీ సెంటర్లోనూ ఒకాయన ఉంటాడు. అడిగితే ఫైలు ఓ పట్టాన ఇవ్వడు. ఇచ్చినా అందులో అక్షరాలుండవు, అక్షరాల బొమ్మలుంటాయి. మీ ఊళ్ళో ఆయనెవరో మీకే తెలుసు. మా ఊళ్ళో ఆయన సాక్షాత్తూ మా పెద్దక్క మొగుడు.

బావగారి షాపు గుంటూరు బ్రాడీపేటలో ఓ మేడమెట్ల కింద. గుమ్మంలో అడుగుపెడితే "ఎప్పుడొచ్చావోయ్" అనరు. చేతిలో పెన్‌డ్రైవు చూసి "కర్వ్స్ చేశావా?" అంటారు. కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ కొడితే టెక్స్టంతా ఒట్టి గీతలైపోతుంది. ఇక దానికి ఫాంటుతో పనిలేదు, శివకాశి వెళ్ళినా షికాగో వెళ్ళినా అలాగే కనిపిస్తుంది. కాకపోతే ఆ తర్వాత అందులో ఒక్క పొల్లు కూడా మార్చలేం. బావగారు కంట్రోల్ మీద వేలు తియ్యకుండానే క్యూ తర్వాత ఎస్ కూడా కొట్టేస్తారు. అసలు ఫైలు అక్కడితో సరి. "కర్వ్స్ చేసింది వేరే పేరుతో దాచుకోవచ్చు కదా బావగారూ" అంటే, "రెండు ఫైళ్ళుంటే ప్రింటుకి ఏది పోయిందో నువ్వొచ్చి చెప్తావా?" అని నామీదే ఎగురుతారు.

ఆయన భయానికి కారణం లేకపోలేదు. బావగారు పేజ్‌మేకరూ అను ఫాంట్ల కాలం మనిషి. ఆ ఫాంట్లలో మనం తెలుగు కొడుతున్నామనుకుంటాం గానీ, కంప్యూటరు దాచుకునేది ఇంగ్లీషు అక్షరాలూ, నెత్తిన టోపీలు పెట్టుకున్న ఫ్రెంచి అక్షరాలూనే. ఫాంటు వాటికి వేసిన తెలుగు వేషం. ఆ ఫాంటు లేని మిషను మీద తెరిస్తే వేషం ఊడిపోతుంది. ఓ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ విషయంలో సరిగ్గా అదే జరిగింది. తెల్లారేసరికి సెంటర్లో దండం పెడుతున్న నాయకుడి బొమ్మా, దాని కింద నాలుగు వరసల టోపీలూ. అనుచరులు షాపుకొచ్చారు. తర్వాతేం జరిగిందో బావగారు మా అక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అక్క అందరికీ చెప్పింది.

అదే మనిషి చేతిలో ఎవరో కర్వ్స్ చేసిన పీడీఎఫ్ పడితే చూడాలి! మా పక్కింటివాళ్ళ పెళ్ళికి మగపెళ్ళివారు తమ కార్డు పీడీఎఫ్ పంపించి, ఇదే మీ వైపుకి మార్చుకోండి అన్నారు. తేలికపనే, 'జ్యేష్ఠ కుమారుడు' ఉన్నచోట 'జ్యేష్ఠ కుమార్తె' రావాలి. కార్డు మొత్తంలో ఎక్కడా 'ర్తె' లేదు. ఇంకో ఫాంటులో కొట్టి అతికిస్తే అతుకు కనిపిస్తుంది. బావగారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి కార్డంతా ఓసారి కలియజూశారు. 'ముహూర్తం'లోంచి 'ర్త' కాపీ చేశారు. నోడ్లు పట్టుకుని దాని తలకట్టు తెంపేశారు. 'పెళ్ళి'లోంచి ఎత్వం ఊడదీసి ఆ నెత్తిన పెట్టారు. ముహూర్తం పెద్దక్షరాల్లో ఉంది కాబట్టి కుదించాల్సొచ్చింది, ఆ కుదింపులో పాపం 'ర్తె' కాస్త బక్కచిక్కింది. మందం కోసం చుట్టూ సన్నని అవుట్‌లైన్ ఇచ్చారు. ఎక్కడో సరిపడే సైజు 'మ' దొరక్కపోతే 'వ'కి కొమ్ము తగిలించి చేసేశారు. గంటన్నర పట్టింది. తెలుగు లిపి ఎలా కూడిందో ఈయనకి తెలిసినంతగా ఏ పండితుడికీ తెలియదేమోనని ఆ గంటన్నరా నేను నోరు తెరుచుకుని చూశాను. అసలు ఫైలు అడిగి తెప్పించుకుంటే రెండు నిమిషాల పని అన్న సంగతి కార్డు అచ్చుకి వెళ్ళాక గుర్తొచ్చింది.

మా మేనల్లుడిది మరో పార్టీ. వాడికి కోరల్ అంటే చులకన, ఇంక్‌స్కేప్ అంటే ప్రాణం. "మామయ్యా, నాన్న ప్రతిదీ చంపి భద్రపరుస్తాడు" అంటాడు. ఏ పీడీఎఫ్ ఇచ్చినా ముందు అక్రోబాట్ రీడర్లో ప్రాపర్టీస్ తెరిచి ఫాంట్ల జాబితా చూడమంటాడు. అక్కడ ఎంబెడెడ్ సబ్‌సెట్ అని ఉంటే, ఆ కార్డులో వాడిన అక్షరాలు మాత్రమే ఫైల్లోకి ఎక్కాయని లెక్క. కార్డులో 'ఘ' లేకపోతే ఫైల్లోనూ 'ఘ' ఉండదు. జాబితా అసలు ఖాళీగా ఉంటే తండ్రిలాంటి వాళ్ళెవరో ముందే చెయ్యి చేసుకున్నారని అర్థం. ఫాంటు పేరు తెలుసుకుని అదే ఫాంటు మన సిస్టంలో వేసుకుని తెరిస్తే సగం గొడవ ఉండదంటాడు. తర్వాత ఇంక్‌స్కేప్ పాప్లర్‌తో తెరవాలా, ఇంటర్నల్‌తో తెరవాలా అని అడుగుతుంది. మొదటిదైతే చూపు బాగుంటుంది గానీ అక్షరాలు బొమ్మలైపోతాయి. రెండోదైతే టెక్స్ట్ టెక్స్టుగానే వస్తుంది.

వచ్చింది కూడా. ఓ పెళ్ళి కార్డు పీడీఎఫ్ తండ్రి ఎదుటే తెరిచి చూపించాడు. టెక్స్టు మార్చుకునేలాగే ఉంది, ఒత్తులే ఎక్కడివక్కడ రాలిపోయి కింద వరసలో కూర్చున్నాయి. బావగారు ఏమీ అనలేదు, టీ చెప్పారు. వాడు పట్టువదలకుండా రామభద్ర ఫాంటులో మళ్ళీ అందంగా కొట్టి, ఎస్వీజీగా దాచి, ప్రింటింగ్ ప్రెస్సుకి పంపాడు. ఎస్వీజీలోకి ఫాంటు పేరు వెళ్తుంది గానీ ఫాంటు దానంతటది వెళ్ళదు. ప్రెస్సువాళ్ళ సిస్టంలో రామభద్ర లేదు. ఏదో ఫాంటు దాని జాగాలోకొచ్చి, వరుడి ఇంటిపేరు పువ్వుల బోర్డరు దాటి బయటికెళ్ళింది. ప్రెస్సు నుంచి ఫోనొచ్చినప్పుడు బావగారి మొహంలో వెలుగు చూడాలి. కొడుక్కి ఉద్యోగం వచ్చినప్పుడు కూడా అంత లేదు. ఫోను పెట్టేసి, కుర్రాడి భుజం మీద చెయ్యేసి, చాలా ప్రేమగా "కర్వ్స్ చేశావా?" అన్నారు.

నా సంగతికొస్తే, నా వ్యాసాల పుస్తకం బావగారి దగ్గరే అచ్చుకి తయారైంది. రెండో ముద్రణకి తప్పులు దిద్దుదామని ఫైలడిగాను. పీడీఎఫ్ ఇచ్చారు. కంట్రోల్ ఎఫ్ కొట్టి నా పేరు వెతికితే దొరకలేదు. రెండు వందల పేజీల్లో ఒక్క మాటా దొరకలేదు. ఫాంట్ల జాబితా చూశాను, ఖాళీ. పేజీ పేజీ కర్వ్స్.

"ఇప్పుడెలా బావగారూ?"

"ఎలా ఏముంది, మళ్ళీ టైపు కొట్టాల్సిందే. పేజీకి మామూలు రేటే వేస్తాన్లే."

"మరి తప్పులు?"

"కొత్త టైపింగు కదా, కొత్తవి పడతాయి. ప్రూఫులు మాత్రం నువ్వే చూసుకో. బావమరిదివి కాబట్టి దానికి నీ దగ్గర డబ్బులు తీసుకోను."