పాత పార్టు ఏది సారూ?

మనిషి ఒంట్లోకి వెళ్లే వస్తువులకు సంగారెడ్డి జిల్లాలో మహర్దశ పట్టింది. సుల్తాన్‌పూర్‌లో 2017లో వైద్య పరికరాల పార్కుకు శ్రీకారం చుట్టారు. దాదాపు 250 ఎకరాలు కేటాయించారు. 2022 ఏప్రిల్‌లో సహజానంద్ మెడికల్ టెక్నాలజీస్ అక్కడ స్టెంట్ల ఫ్యాక్టరీ తెరిచినప్పుడు ఆసియాలోనే అతి పెద్దదని చాటారు. పెట్టుబడి 250 కోట్లు, సామర్థ్యం ఏటా 12 లక్షలకు పైగా స్టెంట్లు. ఆ స్టెంటుకు జరిగే మర్యాద చూస్తే మామూలు మనిషికి అసూయ కలుగుతుంది. దుమ్ము రేణువు కూడా అనుమతి లేకుండా దూరని గదిలో అది పుడుతుంది. పుట్టగానే బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, లైసెన్సు నంబరు వచ్చి చేరతాయి. ఆస్పత్రికి వచ్చాక దాని స్టిక్కరు ఒకటి కేస్ షీటుకు ఎక్కుతుంది, ఇంకొకటి ఆరోగ్యశ్రీ క్లెయిముకు వెళ్తుంది. మన ఆధార్ కార్డుకు కూడా ఇన్ని చోట్ల ఇంత గౌరవం దొరకదు. ఒకసారి రక్తనాళంలో కుదురుకున్నాక స్టెంటు చితి దాకా తోడొస్తుంది కాబట్టి దాని కథ సాధారణంగా అక్కడితో సుఖాంతం. తుంటి కీళ్లు, మోకాలి కీళ్లు, విరిగిన ఎముకకు వేసే రాడ్లు, ప్లేట్లు, స్క్రూలు, పేస్‌మేకర్లు అలా కాదు. ఇవి వెనక్కి వచ్చే బాపతు. అరిగో, విరిగో, చీము పట్టో, పని అయిపోయో బయటికి వస్తాయి. వచ్చిన క్షణం నుంచి వాటికి పేరుండదు, ఊరుండదు.

పేరు లేదంటే బొత్తిగా లేదని కాదు. జీవ వైద్య వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2016లో వచ్చాయి. వాటిలో ఆస్పత్రి చెత్తను రంగుల వారీగా విడదీశారు. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం. నీలం గుర్తున్న డబ్బాలో రెండు రకాలు వేయాలి: పగిలిన గాజు, మందు సీసాలు ఒకటి, శరీరంలో అమర్చిన లోహపు ఇంప్లాంట్లు రెండోది. అంటే పన్నెండేళ్లు ఒక మనిషిని నడిపించిన తుంటి కీలుకూ, ఉదయం ఇంజెక్షనుకు వాడి పారేసిన సీసాకూ ప్రభుత్వ దృష్టిలో ఒకటే కులం. ఆ తర్వాత ఆటోక్లేవ్ లాంటి పద్ధతిలో శుద్ధి చేసి రీసైక్లింగుకు పంపాలి. ఏడాదికోసారి ఆస్పత్రి కాలుష్య నియంత్రణ మండలికి నివేదిక ఇస్తుంది. అందులో రంగుకు ఎన్ని కిలోలో రాస్తారు. నీలం: ఇన్ని కిలోలు. అందులో సీసాలెన్ని, విఫలమైన కీళ్లెన్ని అన్నది కిలోలకు తెలియదు. రోగి చేతికి వచ్చే డిశ్చార్జి సమ్మరీలో సాధారణంగా ఒక్క ముక్క ఉంటుంది, ఇంప్లాంట్ తీసివేయడమైనదని. ఏ కంపెనీది, ఏ బ్యాచ్, ఎన్నేళ్లు పనిచేసింది, ఎలా పాడైంది, ఇప్పుడెక్కడుంది అన్న ప్రశ్నలకు అందులో చోటే లేదు.

పటాన్‌చెరు చౌరస్తాలో బైకు క్లచ్ ప్లేట్లు మార్చిన మెకానిక్ కూడా పాత ప్లేట్లను చూపించి, ఎక్కడ అరిగాయో చెప్పి, కవర్లో వేసి ఇస్తాడు. ఇవ్వకపోతే మనం అడుగుతాం. నిజంగా మార్చాడో లేదో తెలియాలి, ఏది ఎందుకు పోయిందో తెలియాలి, పైగా ఆ సామాను మనది. మూడు కారణాలూ ఆపరేషన్ థియేటరుకూ సరిగ్గా సరిపోతాయి. మూడోది చూద్దాం. 2017 ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర కట్టినప్పుడు, ఎక్కువగా వాడే కోబాల్ట్-క్రోమియం రకానికి పన్ను కాకుండా 54,720 రూపాయలని తేల్చారు. బిల్లులో దాని బ్రాండు, తయారీదారు, బ్యాచ్ నంబరు విడిగా చూపాలని కూడా ఆదేశించారు. బిల్లుందంటే అమ్మకం జరిగినట్టే. అమ్మినవాడు మళ్లీ ఏ హక్కుతో ఉంచుకుంటాడు? బ్రిటన్ ఆరోగ్య శాఖ 1983లోనే ఈ సంగతి సర్క్యులర్ రాసి తేల్చేసింది. శరీరంలో అమర్చిన ఇంప్లాంటు ఆ మనిషి ఆస్తి, తర్వాత తీసేసినా అతని ఆస్తే, వేరే ఒప్పందం లేకపోతే చనిపోయాక వారసులది. మన దగ్గర మాత్రం కుడి జేబులోంచి డబ్బు తీసుకుని అమర్చిన వస్తువు, కుడి తొడలోంచి బయటికి రాగానే ఆస్పత్రి చెత్త అవుతుంది. ఈ మార్పు ఏ క్షణంలో జరుగుతుందో, ఏ సంతకంతో జరుగుతుందో చెప్పే కాగితం ఒక్కటీ రోగికి ఇవ్వరు.

ఆస్తి గొడవ చిన్నదే అనుకుందాం. ఆ ఇనుప ముక్కను ఇంటికి తీసుకెళ్లి షోకేసులో పెట్టుకోవాలని ఎవరూ ఉవ్విళ్లూరడం లేదు. అసలు నష్టం సాక్ష్యం పోవడం. జాన్సన్ అండ్ జాన్సన్‌కు చెందిన డెప్యూ కంపెనీ ఏఎస్ఆర్ అనే తుంటి కీలును అమ్మింది. లోహం మీద లోహం రాసుకునే తీరు దానిది. రాపిడికి కోబాల్ట్, క్రోమియం రేణువులు చుట్టూ కండలోకి, రక్తంలోకి దిగాయి. ఆస్ట్రేలియాలో 1999 నుంచి కీళ్ల మార్పిడి రిజిస్టరు ఉంది. ఏ కీలు ఎప్పుడు వేశారో, ఎప్పుడు మార్చారో అందులో రాస్తారు. ఏఎస్ఆర్ మామూలు కంటే ఎక్కువగా విఫలమవుతోందని ఆ రిజిస్టరు 2007 నాటికే గుర్తుపట్టింది. 2009 డిసెంబరులో అక్కడి మార్కెట్ నుంచి దాన్ని తీసేశారు. ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది 2010 ఆగస్టులో. ఇండియాలో దాదాపు 4,700 మందికి దాన్ని అమర్చారు. మన కేంద్ర ప్రభుత్వం డాక్టర్ అరుణ్ కుమార్ అగర్వాల్ అధ్యక్షతన నిపుణుల కమిటీ వేసింది 2017లో, అంటే రీకాల్ జరిగిన ఏడేళ్లకు. ఆ కమిటీ లెక్క చూస్తే 3,600 మందికి పైగా రోగుల ఆచూకీయే లేదు. మనిషి ఒంట్లో నంబరుతో సహా పాతిపెట్టిన వస్తువును మనిషితో సహా పోగొట్టుకున్నాం! చివరికి నష్టపరిహారం 3 లక్షల నుంచి 1.22 కోట్ల దాకా అని ప్రభుత్వం సూత్రం కట్టింది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఆమోదించింది, విస్తృతంగా ప్రచారం చేయమంది. ఎవరికి ప్రచారం చేయాలి? అప్పటికే రెండోసారి కోయించుకుని, తీసిన కీలు ఏ కంపెనీదో కూడా తెలియకుండా ఇంటికి వెళ్లినవాడు టీవీలో ప్రకటన చూసి తనది ఏఎస్ఆరో కాదో ఎలా తేల్చుకోవాలి?

అదే సమయంలో లండన్‌లో తీసిన కీళ్ల కోసమే ఒక కేంద్రం నడిచింది. లోహపు తుంటి కీళ్లను అక్కడికి తెప్పించి, ఎక్కడ ఎంత అరిగిందో కొలిచి, ఎందుకు అరిగిందో రాశారు. న్యూయార్క్‌లోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీ దశాబ్దాలుగా ఇదే పని చేస్తోంది. తీసిన ఇంప్లాంటును ఎలా కడగాలో, ఎలా ప్యాక్ చేయాలో, ఏమేం చూడాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ఓ 12891. ఇండియాలోనూ పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేయడానికి 2015లో మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. ఘజియాబాద్‌లో కేంద్రం ఉంది, నింపడానికి ఫారం ఉంది. ఆస్పత్రులకు మాత్రం అది వారి ఇష్టం. మన దగ్గర ఇష్టానికి వదిలేసిన ఫారాలు ఎంత ఉత్సాహంగా నిండుతాయో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

పాశమైలారం షెడ్డులో యంత్రం కింద కాలు విరిగిన కార్మికుడి సంగతి తీసుకోండి. ప్లేటు వేశారు, కొన్ని నెలలకు ప్లేటే విరిగింది. "నువ్వే తొందరపడి బరువు మోపావు" అంటారు. నిజమే కావచ్చు, చాలాసార్లు అదే నిజం. ఎముక అతకనప్పుడు ఎంత మంచి ప్లేటైనా పదే పదే వంగి అలసిపోయి విరుగుతుంది. కానీ లోహంలో లోపం వల్ల కూడా విరుగుతుంది, స్క్రూ తప్పు చోట బిగించినా విరుగుతుంది. ఈ మూడింటిలో ఏదన్నది విరిగిన అంచు మీద రాసి ఉంటుంది. మైక్రోస్కోపు కింద పెడితే లోహ శాస్త్రవేత్త చదివి చెబుతాడు. చదివేవాళ్లకు కరువా అంటే, ఐఐటీ హైదరాబాద్ ఇదే సంగారెడ్డి జిల్లాలో కంది దగ్గరుంది, కంచన్‌బాగ్‌లో డీఎంఆర్ఎల్, మిధాని ఉన్నాయి. క్షిపణి లోహాన్ని చదవగల ఊళ్లో కార్మికుడి ప్లేటు చదివే దిక్కు లేదు. వినియోగదారుల కమిషనుకు వెళ్తే చట్టం ఎదురుగా నిలబడుతుంది. వస్తువులో లోపం పరీక్షిస్తే తప్ప తేలదనిపిస్తే, ఫిర్యాదుదారు నుంచి నమూనా తీసుకుని, సీలు వేసి, ల్యాబుకు పంపాలంటుంది 2019 చట్టం. చాలా మంచి మాట. నమూనా అప్పటికే మందు సీసాలతో కలిసి కరిగి ఉంటుంది.

దీనికి ఆస్పత్రుల తొలి అభ్యంతరం ఇన్ఫెక్షన్. రక్తం అంటిన వస్తువును రోగి చేతికి ఎలా ఇస్తామంటారు. గట్టి అభ్యంతరమే, కాకపోతే నిబంధనను చివరి దాకా చదివితే మెత్తబడుతుంది. శుద్ధి చేశాక ఆ ఇంప్లాంటు రీసైక్లింగుకు వెళ్లాలని అదే నిబంధన చెబుతోంది. అంటే ఆటోక్లేవ్ అయ్యాక తుక్కు వ్యాపారి తాకితే ప్రమాదం లేదు, పన్నెండేళ్లు దాన్ని సొంత రక్తంలో నానబెట్టుకున్న మనిషి తాకితే ప్రమాదం! శుద్ధి చేస్తే ఆధారాలు చెడిపోతాయి కదా అన్నది ఇంతకంటే తెలివైన ప్రశ్న. ప్లాస్టిక్ భాగాల విషయంలో వేడి వల్ల కొంత తేడా వస్తుంది కూడా. ఏ పదార్థాన్ని ఎలా శుభ్రం చేయాలో ముందుగానే రాసిపెట్టిన ప్రమాణం ఉన్నది అందుకే. అది చదవాల్సింది రోగి కాదు.

రెండో అభ్యంతరం దొంగతనం గురించి. తీసిన ఇంప్లాంట్లు బయటికి వదిలితే కడిగి, తుడిచి, కొత్తవని అమ్మే ముఠాలు తయారవుతాయంటారు. భయం సరైనదే, మందు మాత్రం తప్పు. లెక్కలో లేని వస్తువే ముఠాకు ఇష్టం. సీరియల్ నంబరు రాసి, ఫొటో తీసి, ఎవరికి ఇచ్చారో సంతకం పెట్టించుకున్న కీలును మళ్లీ అమ్మడం కష్టం. కిలోల్లో తూచి పంపిన కీలును అమ్మడం సులువు. నెదర్లాండ్స్‌లో ఆర్థోమెటల్స్ అనే సంస్థ 1997 నుంచి శ్మశానాల బూడిదలో మిగిలిన కీళ్లు, రాడ్లు సేకరించి కరిగిస్తోంది. అదొక బాహాటమైన వ్యాపారం. కోబాల్ట్, టైటానియం విలువ వాళ్లకు తెలిసింది, కాబట్టి లెక్క రాసుకున్నారు. మనకూ తెలుసు, అందుకే కాబోలు రాసుకోవడం లేదు.

మూడో అభ్యంతరానికి మాత్రం తల వంచాలి. తీసేవన్నీ విఫలమైనవి కావు. ఎముక అతికాక తీసే రాడ్లు, స్క్రూలే ఎన్నో ఉంటాయి. వాటన్నిటినీ ల్యాబుకు పంపితే ల్యాబు గోదాం అవుతుంది. చాలామంది రోగులు "మాకొద్దు సార్, మీరే పారెయ్యండి" అంటారు కూడా. అననివ్వండి. అడిగాక వద్దనడం వేరు, అడగకుండానే వద్దన్నట్టు రాసుకోవడం వేరు. పని పూర్తయి తీసిన స్క్రూకు ఒక వరుస చాలు: నంబరు, తేదీ, ఇచ్చారా పారేశారా. అనుకున్న కాలానికి ముందే విరిగినది, వదులైనది, చుట్టూ కండను నల్లబరిచినది మాత్రం సీలు వేసి దాచాలి. కేస్ షీటును కనీసం మూడేళ్లు దాచాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 నుంచి చెబుతోంది. ఆ కాగితం పట్టే బీరువాలో ఒక అర ఖాళీ చేస్తే ఏడాది కీళ్లు పడతాయి. వైద్యులకు కేసుల భయం ఉంటుందన్నది కూడా అర్థం చేసుకోదగ్గదే. కానీ ప్లేటే సరిగా లేదని తేలితే మొదట బయటపడేది సర్జనే. సాక్ష్యం లేని చోట నింద ఎప్పుడూ దగ్గర్లో ఉన్నవాడి మీదే పడుతుంది, కంపెనీ ఎక్కడో దూరంగా ఉంటుంది.

తయారీకి పండగ చేసి, తర్వాత వచ్చేదానికి ముఖం తిప్పుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పటాన్‌చెరు మందుల కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. శుద్ధి చేశాక మాట అది! మాత్రల మీద బ్యాచ్ నంబరు మాత్రం ఎప్పుడూ సరిగ్గానే ఉంది. సుల్తాన్‌పూర్ పార్కుకు స్థలం ఇచ్చింది ప్రభుత్వం కాబట్టి ఒక షరతు అడగవచ్చు: ఇక్కడ ఇంప్లాంటు తయారుచేసే ప్రతి కంపెనీ, విఫలమై తిరిగివచ్చిన తన సరుకును ఒక స్వతంత్ర ల్యాబుకు చూపించాలి, ఫలితం రోగికి చెప్పాలి. కంపెనీలు నసుగుతాయి. నసగనివ్వండి, ఈలోగా ఇంకో దారి ఉంది. ఇంప్లాంటు వేసినందుకు ఆరోగ్యశ్రీ ట్రస్టు స్టిక్కరు అడుగుతోంది కదా. తీసి మళ్లీ వేసే ఆపరేషనుకు డబ్బు చెల్లించే ముందు పాతదాని నంబరు, ఫొటో, రోగి రసీదు కూడా అడగమనండి. క్లెయిము ఆగుతుందని తెలిస్తే నీలం డబ్బాలో చెయ్యి పెట్టి అయినా ఆ నంబరు వెతికి తెస్తారు.