తేలని పిట్ట

మా పెద్దబావగారు బ్యాంకులో పనిచేసినంతకాలం తలెత్తి ఎవర్నీ చూసేవారు కారని ఖాతాదారులు చెప్పుకునేవారు. రిటైరయ్యాక తల దించడం మానేశారు. మెళ్లో బైనాక్యులర్స్, నెత్తిన ఆకుపచ్చ టోపీ, లెక్కలేనన్ని జేబులున్న చొక్కా. ఇలాంటి పెద్దమనిషి మీ వీధిలోనూ ఒకరుండే ఉంటారు. ఎదురింటివాళ్లు బాల్కనీకి కర్టెన్లు కట్టించుకున్నారంటే ఆయన మీ వీధికి వచ్చేసినట్టే.

కాకినాడలో వాళ్ల పెరటి మునగచెట్టు మీద రోజూ కూసేది పెద్ద నల్లంచి. తల, వీపు, రొమ్ము నిగనిగలాడే నలుపు, పొట్ట తెలుపు, రెక్క మీద తెల్లటి చార, నిక్కబొడిచిన తోక. చెట్టూ చేమా ఉన్న పెరట్లో తరచు కనిపించే పిట్టే. బంగ్లాదేశ్‌వాళ్లు దాన్ని జాతీయపక్షిని కూడా చేసుకున్నారు. గుర్తుపట్టడానికి అరనిమిషం ఎక్కువ. మా బావగారికి ఓ పూట పడుతుంది.

"తొందరపడకూడదోయ్. కంప నల్లంచి కావచ్చు."

"అది పిచ్చుకంతే కదా బావగారూ?"

"ఎవరు చెప్పారు నీకు?"

"పోయిన ఆదివారం మీరే."

"అయితే ఉత్త నల్లంచి. తోక కింద ఇటుకరంగు ఉందేమో చూడు."

చూశాను. లేదు.

"వెలుతురు చాలదు. లేకపోతే కనిపించేది."

మర్నాడు ఆడపిట్ట వచ్చింది. మగదానికి నలుపున్నచోట దానికి బూడిదరంగు ఉంటుంది, అంతే తేడా. బావగారు మాత్రం లోకానికి తెలియని జాతేదో తన పెరట్లో వాలిందని టిఫిను మానేసి కూర్చున్నారు. ఈ ఆశకంతా మూలం కలివికోడి. ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లా లంకమల అడవుల్లో మళ్లీ దొరికింది. అప్పట్నుంచి మన రాష్ట్రంలో బైనాక్యులర్స్ కొన్న ప్రతివాడికీ తన వాటా కలివికోడి ఎక్కడో దాక్కుందని నమ్మకం. అది రాత్రిపూట ముళ్లపొదల మధ్య నేలమీద తిరిగే పక్షి, మునగకొమ్మెక్కి పాటలు పాడదు అంటే వినిపించుకోరు.

ఈమధ్య కూత విని పేరు చెప్పే యాప్ ఒకటి ఫోన్లో వేయించుకున్నారు. పెద్ద నల్లంచికి మిగతా పిట్టల్ని అనుకరించే సరదా ఉంది. చైత్రమాసంలో ఓ తెల్లవారుజామున అది తనకొచ్చిన కూతలన్నీ వరసగా వినిపించింది, యాప్ రాసుకుంటూ పోయింది, "ఒకే చెట్టు మీద ఏడు జాతులు!" అని బావగారు ఫ్యామిలీ గ్రూపులో ప్రకటించారు. రుజువుగా ఫొటో. అందులో కొమ్మ ఉంది. "ఎడమవైపు మూడో రెమ్మ వెనక చూడండి" అన్నారు. అందరం దండాల బొమ్మలు పెట్టి స్నానాలకు వెళ్లాం.

సలీం అలీ 1941లో వేసిన పక్షుల పుస్తకంలో ఓ పద్ధతి పెట్టారు. పిట్ట ఎంతుందో చెప్పడానికి దాన్ని పిచ్చుకతోనో, పిగిలిపిట్టతోనో, గోరింకతోనో, కాకితోనో పోల్చడం. కాస్త పెద్దదైతే ప్లస్, చిన్నదైతే మైనస్. దాన్ని మనుషులకు వాడేవాడు పుడతాడని ఆయన అనుకుని ఉండరు. మా ఆఫీసుకు కొత్త మేనేజరు వచ్చాడని చెబితే బావగారు అడిగిన మొదటి ప్రశ్న, "గోరింకా, గోరింక ప్లస్సా?" ఇది అంటుకునే జబ్బు. మొన్న బట్టలకొట్లో చొక్కా సైజు అడిగితే నా నోట్లోంచి గోరింక రాబోయి ఆగింది.

ఇంత చెప్పి ఇంకొకటి చెప్పకపోతే అక్క ఊరుకోదు. మా నాన్న మంచం పట్టిన ఎండాకాలం, బావగారు రోజూ వచ్చి కిటికీ బయట మట్టిమూకుడులో నీళ్లు పోసి, వచ్చిన పిట్టనల్లా ఆయనకు చూపించేవారు. నాన్న అన్నిటినీ పిచ్చుకే అనేవారు. గోరింకనీ పిచ్చుకే, కోయిలనీ పిచ్చుకే. బావగారు ఒక్కసారి కూడా సరిదిద్దలేదు. "అవును మావయ్యగారూ, పిచ్చుకే" అనేవారు. అదే నేనంటే శాస్త్రీయ నామంతో సహా క్లాసు పీకేవారు.

మేనకోడలి పెళ్లిచూపులు వాళ్లింట్లోనే జరిగాయి. సరిగ్గా అమ్మాయి కాఫీలు తెచ్చే వేళకు పెరట్లో ఏదో కూసింది. బావగారు వేలెత్తి "ష్" అన్నారు. మగపెళ్లివారి నోళ్లలో జంతికలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"లిక్కుజిట్ట" అన్నారు.

అబ్బాయి తండ్రి కళ్లజోడు సవరించుకున్నాడు. "లిక్కుజిట్ట కాదండి. లిక్కుజిట్టలా కూస్తున్న పెద్ద నల్లంచి."

అక్క మొహంలో నెత్తుటిచుక్క లేదు. పెద్దమనుషులిద్దరూ లేచి పెరట్లోకి నడిచారు. ఉద్యోగం, జీతం, గోత్రం మేమే అడిగేశాం. అమ్మాయీ అబ్బాయీ మాట్లాడుకోవడం కూడా అయిపోయింది. దీపాలు పెట్టాక దోమకాట్లు గోక్కుంటూ వచ్చారిద్దరూ.

"సంబంధం ఖాయం" అన్నారు బావగారు. "పిట్ట ఇంకా తేలలేదు."

"అబ్బాయిని సరిగ్గా చూడనైనా లేదు మీరు" అంది అక్క పళ్లబిగువున.

బావగారు అబ్బాయిని నిలబడమని, అటు తిరగమని, ఇటు తిరగమని, "కాకి మైనస్" అన్నారు.

"ప్లస్ అండి" అన్నాడు తండ్రి, నొచ్చుకుంటూ.