కందకు లేని దురద

కత్తి పెట్టగానే టమాటా తెగకుండా అణిగిపోయి, గింజలు చొక్కా మీద చిందిన రోజున గృహస్థుకు జ్ఞానోదయం అవుతుంది: ఇంట్లో కత్తి మొద్దుబారింది. సాయంత్రానికల్లా ఆ కత్తి సంగతి మరిచిపోయి, సానపట్టే ‘సిస్టమ్’ల వేటలో పడతాడు. వారం తిరిగేసరికి ఆ నోట డిగ్రీలు, గ్రిట్లు, మైక్రాన్లు తప్ప మరో మాట రాదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు. టమాటాలు మాత్రం ఆ వారమంతా చేత్తో పిసికినవే చారులో పడుతుంటాయి.

సరుకుకేం కొదవ? అమెరికా స్పైడర్కో వారి షార్ప్‌మేకర్‌లో పింగాణీ కడ్డీలు వాలుగా నిలబడతాయి. కత్తిని నిటారుగా పట్టి కిందికి లాగితే కోణం దానంతటదే కుదురుతుంది. వికెడ్ ఎడ్జ్‌లో కత్తిని బిగించి, రెండు పక్కలా రాళ్లు ఆడిస్తారు. స్వీడన్ టోర్మెక్ టీ-8లో 250 మిల్లీమీటర్ల చక్రం నీళ్లలో మునుగుతూ నిమిషానికి 90 చుట్లు తిరుగుతుంది. ఇవేవీ బూటకం కావు, అన్నీ పదును పెట్టేవే. బూటకమల్లా, వీటిలో ‘సరైనది’ దొరికితే తప్ప వంకాయ తెగదనే నమ్మకం.

ఇంతకీ పదునంటే ఏమిటి? రెండు వాలు తలాలు సన్నని గీత మీద కలుసుకోవడం. ఒక పక్క రుద్దుతూ పోతే లోహం అంచు దాటి, రెండో పక్కకు వెంట్రుకంత తీగలా మడుచుకుంటుంది. వేలితో అంచుకు అడ్డంగా నిమిరితే గరుగ్గా తెలుస్తుంది. అప్పుడు కత్తి తిప్పి రెండో పక్కా అంతే చేయాలి. చివర తేలిక చేత్తో నాలుగు రుద్దులు రుద్ది ఆ తీగను రాల్చేయాలి. అయిపోయింది. తీగ పుట్టకముందే రాయి మార్చేవాడు ఎంత నున్నటి రాయి దాకా వెళ్లినా, మొద్దు కత్తికి మెరుగు పెట్టినవాడే.

మెరుగు దగ్గరే అసలు వేలంవెర్రి. జపాన్ షాప్టన్ గాజుపలక రాళ్లలో 1000 నంబరు రాతి రేణువు 14.7 మైక్రాన్లు. అక్కడితో ఆగితే వంటింటి కత్తికి కావలసినంత పదును. ఆ అంచుకుండే సూక్ష్మమైన పళ్లే టమాటా తోలును పట్టి కోస్తాయి. మన భక్తుడు ఆగడు. అదే వరుసలో 30,000 నంబరు రాయి ఉంది, రేణువు 0.49 మైక్రాన్. ఆ అంచులో ముఖం చూసుకోవచ్చు. మరి బెండకాయలకు మొహం చూసుకునే అలవాటు ఎప్పుడు పట్టిందో!

తరువాతి పూజ కోణానికి. 15 డిగ్రీలా, 20 డిగ్రీలా అని తెల్లవార్లూ వాదనలు. నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పు కత్తిని రాతి మీద పెట్టి, వీపు 12 మిల్లీమీటర్లు ఎత్తితే దాదాపు 15 డిగ్రీలు. అంటే చిటికెనవేలు పట్టేంత సందు. కొలమానం చేతికే ఉంది, డెలివరీ చార్జీ లేదు. పైగా గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో 55, 56 దగ్గరుండే మామూలు స్టెయిన్‌లెస్ కత్తికి మరీ సన్నని కోణం పెడితే, గుమ్మడికాయ తగలగానే అంచు వంగి కూర్చుంటుంది.

పదును పరీక్షకు చేతి మీది వెంట్రుకలు గీసుకోవడం ఇంకో వేడుక. ఈ మతస్థుల్ని ముంజేతి బోడితనాన్ని బట్టి గుర్తుపట్టవచ్చు. ఉక్కుకన్నా యాభై రెట్లు మెత్తనైన వెంట్రుక కూడా కొన్ని పరిస్థితుల్లో రేజరు అంచును పెచ్చు లేపగలదని 2020లో ఎం.ఐ.టి. పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో చూపించారు. పరీక్ష పెట్టేవాడికే మచ్చ మిగిలే పరీక్షలు లోకంలో అరుదు.

అలాగని అడ్డదారులు మేలనుకోవద్దు. గాడిలో పెట్టి బర్రున లాగే కార్బైడ్ సాధనం లోహాన్ని చెక్కి, అంచును రంపం చేస్తుంది. వీధిలో సైకిలు తొక్కుతూ రవ్వలు రాల్చే సానవాడి చేతిలోనూ, ఒత్తిడి ఎక్కువై అంచు నీలం తిరిగిందంటే సుమారు 300 డిగ్రీల వేడి తగిలినట్టే. అక్కడ ఉక్కు మెత్తబడుతుంది. అయితే కత్తి పట్టుకోగానే అంచు దాకా రుద్దాలని అతనికి తెలుసు. అతని గిరాకీలెవరూ కోణమెంతని అడగరు, రూపాయలెన్నని అడుగుతారు.

ఇంత తపస్సు చేసి సాధించిన అద్దపు అంచు చివరికి దిగేది ఎక్కడ? చాలా ఇళ్లలో చెక్కపీట ఉండదు. నిమ్మకాయ గ్రానైట్ గట్టు మీదే తెగుతుంది. టక్కుమని ఒక్క చప్పుడు, 30,000 నంబరు రాయి కష్టం గోవిందా. ఆ తర్వాత అదే కత్తి సింకులో గరిటెల కింద పడి, స్టీలు పీచుతో తోమించుకుంటుంది.

ఈ ఘోరం చూసి గృహస్థు కత్తిని వంటింటి నుంచి తప్పించి, బీరువాలో దాచాడు. ఈలోగా రాళ్లు మధ్యలో గుంటపడ్డాయి, వాటిని చదును చేసే వజ్రపు పలక కావలసి వచ్చింది. అదీ తెప్పించాడు. పార్సిలు రాగానే గుమ్మంలోనే నిలబడి, కత్తి అంచుకు జిగురు అంటుకుంటుందని, అట్టపెట్టె టేపును స్కూటరు తాళంచెవితో చీల్చాడు.