ఐదో స్లాబు కనబడుటలేదు

విజయవాడలోని గౌరవనీయులైన రెరా అధికారుల దివ్యసముఖమునకు, కడప నుంచి ఒక ఫ్లాటు కొనుగోలుదారుడు నమస్కరించి వ్రాయు విన్నపము.

ఇక్కడ మేమందరం క్షేమం. కర్నూలులో మా ఫ్లాటు క్షేమమో కాదో చెప్పలేను, అది ఇంకా పుట్టలేదు.

పోయిన మంగళవారం బిల్డరు ఆఫీసు నుంచి డిమాండ్ నోటీసు వచ్చింది. ఐదో స్లాబు పడినందుకు అభినందనలు, పదిహేను రోజుల్లో తదుపరి వాయిదా కట్టగలరు, ఆలస్యమైతే 18 శాతం వడ్డీ. వాట్సాప్‌లో ఫొటో కూడా పెట్టినారు. సంతోషం పట్టలేక తెల్లారి మొదటి బస్సెక్కి పోయినాను. లెక్కపెట్టినాను. రెండు. పైనుంచి కిందికి లెక్కపెట్టినా రెండే. పైన చువ్వలు తుప్పు పట్టినాయి, కింద పిల్లర్లకు ఎవరో మేకలు కట్టేసినారు. "ఐదో స్లాబు యాడప్పా?" అని వాచ్‌మన్‌ను అడిగితే, పాపం, వాడూ నాతోపాటు పైకి చూసినాడు. ఫొటో మళ్లీ తీసి చూస్తే వెనక నీళ్ల ట్యాంకరు మీద తమిళ అక్షరాలు!

మహాశయా, తమరి చట్టం బంగారం... ఈ మర్యాద ఇంక నాతో కాదు సార్.

నిద్ర పట్టని రాత్రుల్లో ఆ 2016 చట్టమే చదువుతున్నా. మా డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో ఉండాలంట. ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ముగ్గురూ పని ఇంతవరకు అయిందని రాసిస్తేనే బయటికి తీయాలంట. ఆ ముగ్గురికీ కనపడిన స్లాబు నాకొక్కడికే ఎందుకు కనపడలేదు? నాకు శుక్లాలుంటే చెప్పండి. ఆలస్యానికి వాళ్లు మాకిచ్చే వడ్డీ, మా దగ్గర వసూలు చేసే వడ్డీ ఒకటే ఉండాలని కూడా రాసినారు కదా. మా అగ్రిమెంటులో నాకు 18 శాతం, వాళ్లకు అడుక్కి మూడు రూపాయలు!

తప్పు నాదీ ఉంది. 2020లో ప్రీలాంచ్ అన్నారు, న్యాయ రాజధాని వస్తుంది, హైకోర్టు పక్కనే మీ ఫ్లాటు అన్నారు. మీ నంబరు లేకుండా అమ్మనేకూడదని, అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా 10 శాతం మించి తీసుకోకూడదని నాకప్పుడు యాడ తెలుసు? నోటరీ కాగితం మీద 30 శాతం కట్టేసినా. అందులో మా ఆవిడ గాజులున్నాయి. 2021 నవంబరులో రాజధానుల చట్టం వెనక్కి పోయింది. ఫ్లాటు రేటు మాత్రం వెనక్కి రాలేదు.

కొన్నది 1,400 అడుగులు, కార్పెట్ ఏరియా 980 అని మొన్న నసిగినారు. మిగతాది మెట్లంట, లిఫ్టంట, ఈతకొలనంట. ట్యాంకరు వస్తే బిందెలు పట్టుకొని ఉరికే ఊర్లో ఈతకొలను! నేలకు ఇటాలియన్ మార్బులంట. రాయి కావాలంటే బేతంచెర్ల పక్కనే ఉంది, నేను కడపోణ్ణి. నాపబండ పరిచినా ఒప్పుకుందును, పరిచేదానికి నేలంటూ ఉంటే.

మా తోడల్లుడిది ఇంకో కథ. కడపలో ఎనిమిది ఫ్లాట్ల బిల్డింగులో కొన్నాడు. ఎనిమిది దాటకపోతే మీ దగ్గర నమోదే అక్కర్లేదంట. దాని గోడకు ఆనించి ఇంకో ఎనిమిది లేస్తున్నాయి. అదే మేస్త్రీ, అదే కంకర, పేరు మాత్రం బావమరిదిది.

నాకిప్పుడు బాడుగా ఉంది, బ్యాంకు కంతూ ఉంది. ఇల్లొకటే లేదు. వాళ్లిచ్చిన పదిహేను రోజుల్లో ఆరు అయిపోయినాయి. డబ్బు వడ్డీతో వెనక్కి అడగొచ్చని 18వ సెక్షన్ చెప్తుంది, నిజమే. ఆ డబ్బుకు ఇప్పుడు కర్నూలులో ఏమొస్తుంది సార్? నాకు ఇల్లే కావాల. ఎవరినన్నా ఒక్కరిని పంపించండి. పెద్ద ఇంజినీరు అక్కర్లేదు, ఐదు దాకా లెక్క వచ్చినోళ్లు చాలు. బస్టాండు దగ్గరికి నేనే వస్తా.

ఇట్లు,
ఫ్లాటు నంబరు 504
(ప్రస్తుతం బాడుగ ఇల్లు, కడప)