మస్కట్ అలలు, మల్యాల వడియాలు

మా ఇంట్లో నా హోదా యజమాని, చేసేది బట్వాడా. మల్యాల మండల కేంద్రమే, కిరాణాకూ మందులకూ లోటు లేదు. కానీ మా ఆవిడకు కావలసింది ఎప్పుడూ ఇక్కడ దొరకని రకమే. కుక్కర్ గాస్కెట్ జగిత్యాలలో, లంగాల బట్ట సిరిసిల్ల మరమగ్గాల దగ్గర, కొత్త పసుపు కోరుట్ల వైపు రైతుల ఇంట్లో. మూడు పట్నాలూ అందుబాటులోనే ఉన్నాయని పెళ్లికి ముందు గొప్పలు చెప్పుకున్నది నేనే కాబట్టి, బండి తాళాలు నా చేతిలోనే ఉంటాయి.

ఆవిడది చీరాల పక్కన, వాడరేవు దగ్గర. మా ఊరికి సముద్రం ఎంత దూరమని మా మామగారు అడగలేదు, నేనూ చెప్పలేదు. మ్యాపు మీద గీత గీసి కొలిచినా మూడు వందల కిలోమీటర్లు దాటుతుంది. వంజరం తెమ్మంటే నేను బొచ్చె తెస్తాను. ఆవిడ ఆ చేపను చూడదు, నన్ను చూస్తుంది.

ఇక కోతులు. ఆంజనేయుడు కొలువైన కొండగట్టు మా మండలంలోనే ఉంది. అంజన్న కొండ దిగడు గానీ ఆయన పరివారం దిగుతుంది. మొన్న ఎండాకాలం మా ఆవిడ డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టి, కాపలాకు నన్నూ ఒక కట్టెనూ నిలబెట్టింది. పెద్ద కోతి ఒకటి పిట్టగోడ మీద కూర్చుని నన్ను తీరిగ్గా పరిశీలించింది. కట్టె ఎత్తాను. పక్క డాబా మీంచి పెద్దమ్మ కేకేసింది: "వద్దు బిడ్డా, అంజన్న రూపం! కొడితే పాపం తాకుతది." దించాను. కోతి వచ్చి, పంచె కొంగు పట్టుకుని వడియాలతో సహా ఈడ్చుకుపోయింది. ఆ పంచె కూడా నాదే.

ఆ పెద్దమ్మ కొడుకు మస్కట్‌లో తాపీ పని చేస్తాడు. మా చుట్టుపక్కల గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ అరుదు. శుక్రవారం సెలవు, సాయంత్రం మత్రా ఒడ్డున నిలబడి వీడియో కాల్ చేస్తాడు. ఆ వేళకు మా ఆవిడ పెద్దమ్మ పక్కన హాజరు.

"తమ్ముడూ, కాస్త కెమెరా అటు తిప్పు, అల కనిపించట్లేదు."

"నీళ్లెందుకురా? నీ మొఖం జూపియ్. ఏం తిన్నవ్?"

పాపం, ఆ పిల్లవాడు ఫోనును ఇటోసారి అటోసారి తిప్పుతూ ఉంటాడు. ఇద్దరికీ చాయ్ పెట్టి ఇచ్చేది నేను. చక్కెర ఎక్కువైందని ఇద్దరూ ఒకే మాట మీద ఉంటారు. ఊరుకోలేక, మన వరద కాలువ కూడా నిండితే సముద్రంలాగే ఉంటుందని ఒకసారి అన్నాను. ఆ రాత్రి అన్నం నేనే వడ్డించుకున్నాను.

చీరాల, బాపట్ల వైపు నుంచి కొండగట్టు దర్శనానికి వచ్చే పుణ్యాత్ములకు ఒక మనవి. మల్యాల చౌరస్తాలో ఆగితే నేనే వచ్చి తీసుకెళ్తాను, ఎలాగూ బండి మీదే ఉంటాను. వంజరం ముక్కలు ఐసులో పెట్టి తెండి. హనుమాన్ జయంతి రోజుల్లో మాత్రం తేవద్దు. దీక్షాపరులతో దారంతా కిటకిటలాడుతుంది, పైగా ఆ రోజుల్లో మా ఇంట్లో నీచు వండరు.